దొంగ, వంకాయలు, మూడు చీరల పడుగు

పోయిన నెలలో గార్లదిన్నె పక్కన ఒక ఊరి ప్రాథమిక పాఠశాల వాళ్లు నన్ను పిలిచారు. పిల్లలకు చదవడం మీద ఇష్టం పుట్టించాలని ఒక రోజంతా ఆటలు పెట్టుకున్నామనీ, కథలు రాసే మనిషిని కాబట్టి వచ్చి కుర్చీలో కూర్చుంటే చాలనీ అన్నారు. కూర్చోవడం నా వల్ల అయ్యే పనేనా! వరండా పొడుగునా దండేలు కట్టి, ఉతికి ఆరేసిన బట్టల్లాగా రంగురంగుల పుస్తకాలు వేలాడదీశారు. ఒక మూల చీటీ తీసి అందులో ఉన్న పని చేసి చూపించే ఆట. ఇంకో మూల అట్టతో చేసిన పులిముఖం తగిలించుకుని ఒకడు పులి మాటలు మాత్రమే చదువుతున్నాడు, మేక మాటలు చదవాల్సినవాడు నవ్వు ఆపుకోలేక చస్తున్నాడు. నేను చెప్పులు మూలన విప్పేసి ఆ మూలకూ ఈ మూలకూ పరుగులు తీశాను. పులిముఖం నేనూ ఒకసారి పెట్టుకున్నాను. మధ్యాహ్నం అన్నాలయ్యాక ముందు రెండు పళ్లూ ఊడిన ఒక పిల్ల వచ్చి నా కొంగు పట్టుకుని, "అవ్వా, నువ్వు మా అంత ఉన్నెప్పుడు ఏం పుస్తకాలు చదివినావు?" అని అడిగింది. మేడం అనాలని వాళ్ల టీచరు కసిరింది కానీ నాకు అవ్వా అనడమే బాగుంది. "పుస్తకాలు యాడివి పాపా! చింతపండు పొట్లాలు చదివినా, మిరపకాయ బజ్జీల కాగితాలు చదివినా" అన్నాను. పిల్లలంతా నేనేదో ఎగతాళి చేస్తున్నానని గొల్లున నవ్వారు. ఎగతాళి కాదని చెప్పడానికి ఆ మధ్యాహ్నమంతా పట్టింది. వాళ్లకు గబగబా చెప్పినదాన్నే ఇక్కడ కాస్త నిదానంగా రాసుకుంటున్నాను.

మాది ధర్మవరం దాపున ఒక నేతపేట. గడప దాటితే మగ్గమే. మగ్గానికి పోగా మిగిలిన చోటులో మేం బతికేవాళ్లం. నాయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటే నడుము పైభాగమే కనిపించేది కాబట్టి, చాలా ఏళ్లు మా నాయన పొట్టివాడనే నా నమ్మకం. పండక్కి లేచి నిలబడి కొత్తపంచె కట్టుకున్నప్పుడల్లా కొత్త మనిషిని చూసినట్టు చూసేదాన్ని. తెల్లారకముందే మొదలయ్యే మగ్గం చప్పుడు మాకు జోలపాట. అది ఆగితేనే మెలకువ వచ్చేది, ఏమయిందోనని. ఇంటికి ఒక వాసన ఉండేది. రంగు వేసిన పట్టు వాసన, లాంతరు కిరసనాయిలు వాసన, పొయ్యి మీద వేగుతున్న చెనక్కాయల వాసన, వీటన్నిటి మీదా మా అవ్వ ముక్కుపొడి ఘాటు. అవ్వ ముక్కుపొడి పీల్చేముందు చిటికెను గాల్లో ఆపి, చెప్పాల్సిన మాట చెప్పేసి, అప్పుడు పీల్చేది. పీల్చాక ఆమెతో ఎవరూ వాదించడానికి లేదు, తుమ్ములే తుమ్ములు. అమ్మ పొద్దున లేస్తే నీళ్ల కోసం దూరాన ఉన్న బావికి పోయేది. ఆ బావిలో నీళ్లు అడుగంటి ఉండేవి కాబట్టి చేంతాడు ఎంత పొడుగున్నా చాలేది కాదు. బిందెలు మోసి వచ్చి రాట్నం ముందు కూర్చుని నేతకు కావాల్సిన దారపు కండెలు చుట్టేది. ఈ కథ జరిగిన ఏడు అమ్మ కుడిభుజం పైకి లేవడం మానేసింది. అందుకని బడికి పోయే ముందు కండెలు చుట్టడం నా పనయింది. పట్టుదారం వేళ్ల మధ్య నుంచి జారుతుంటే సంగటిముద్ద, ఊరిబిండి పచ్చడి గురించి ఆలోచించుకుంటూ రాట్నం తిప్పి, తిని, బడికి పరిగెత్తేదాన్ని.

బడిలో రెండు గదులు. ముగ్గురు పిల్లలకు ఒక వాచకం. చదవడమంటే మాకు తెలిసింది ఒక్కటే, ఎవరో ముందు చెబితే అందరం గొంతెత్తి వెనకాల అనడం. పాఠం మీద ఉన్న బొమ్మ చూస్తే చాలు, పాఠం దానంతటదే నోట్లోంచి దొర్లుకుంటూ వచ్చేది. ఇంట్లో నాయన "ఏమ్మే చౌడీ, ఈ పొద్దు ఏం నేర్చుకున్నావు?" అంటే గడగడా అప్పజెప్పేదాన్ని. నా పేరు చౌడేశ్వరి, ఇంట్లో చౌడీ. మా ఇంట్లో ఎవరికీ అక్షరం రాదు కాబట్టి నేను పెద్ద చదువరినని అందరికీ గట్టి నమ్మకం. నాక్కూడా.

ఆ నమ్మకం మీద నీళ్లు పోసినవాడు ఓబుళేసు సారు. తనకల్లు ఊరి వైపు నుంచి బదిలీ మీద వచ్చిన సన్నటి మనిషి, సైకిలు గొలుసుకు తగలకుండా ప్యాంటు కాలికి దారం కట్టుకుని దిగేవాడు, ఆ దారం సాయంత్రం దాకా విప్పడం మరిచిపోయేవాడు. వచ్చిన రెండోనాడే నన్ను లేపి నెమలి పాఠం చదవమన్నాడు. నేను మొదలుపెట్టాను. మధ్యలో వచ్చి మెల్లగా నా చేతిలోని పుస్తకాన్ని తలకిందులు చేశాడు. నేను ఆగలేదు. నెమలి పురివిప్పింది, మబ్బులు కమ్మాయి, వాన కూడా పడింది. సారు బల్ల మీద చతికిలబడి కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. తర్వాత ఒక్కొక్కరి పుస్తకంలో బొమ్మ మీద చెయ్యి అడ్డం పెట్టి చదవమంటే తరగతి తరగతంతా మూగబోయింది. మేం బెత్తం కోసం అరచేతులు ముందే చాపాం.

"మీ నోళ్లు బంగారం రా అప్పా. కండ్లే ఇంగా నిద్ర లేయలేదు" అన్నాడు సారు. "రేపట్నుంచి వాచకం మూసేద్దాం. మీ ఇంటికి శెట్టి అంగడి నుంచి ఏ పొట్లం వచ్చినా ఆ కాగితం చించొద్దండి, పొయ్యిలో పెట్టొద్దండి. చింతపండుదైనా సరే, బెల్లందైనా సరే, నాకు కావాల. ఆ కాగితాన్ని మీలో ఎవురూ బట్టీ కొట్టిండరు కదా!"

ఆ సాయంత్రమే ఇంట్లో చిక్కొచ్చిపడింది. ఎవరింట్లో వాళ్లు ఒక కాగితం చదివి పెద్దవాళ్లకు వినిపించి రమ్మన్నాడు సారు. నాయన జరీ చుట్టలు చుట్టి వచ్చిన కాగితం ఒకటి తీసి నా చేతికిచ్చి, అటూ ఇటూ పోగు విసిరే నాడె ఆపి మరీ కూర్చున్నాడు. అవ్వ చిటికె గాల్లో ఆపింది. నేను ఆ కాగితం వైపు చూశాను. అక్షరాలు ఒక్కొక్కటీ తెలిసిన మొహాలే, కలిసి నిలబడితే మాత్రం ఎవరో పరాయివాళ్లు. ఏం చెయ్యాలో తోచక, కాగితాన్ని కళ్ల దగ్గర పెట్టుకుని గంభీరంగా నెమలి పాఠం అందుకున్నాను.

నాయన కడదాకా విన్నాడు. విని, "ఇది మొన్న నువ్వు చెప్పిన నెమలే కదమే. జరీ కాగితంలోకి యాడ్నుంచి వచ్చినాది?" అన్నాడు.

అవ్వ ముక్కుపొడి పీల్చడం కూడా మరిచిపోయింది. నేను తల దించుకున్నాను. నాయన కోప్పడి ఉంటే బాగుండేది. ఆయన మొహం చిన్నబోయింది, అది చూడలేకపోయాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఎడమచేత్తో కుడిభుజం ఒత్తుకుంటూ మమ్మల్నే చూస్తోంది. నాయన ఆమె వైపు ఒకసారి చూసి, "ఇన్నేండ్లు బడికి పోయి ఇదేనా నేర్చుకునింది! ఆడ మీ అమ్మకు చెయ్యి లేయడంలే. ఇదో చూడు, ఈ పడుగులో ఇంగ రెండు చీరలుండాయి. ఇది అయిపోయేలోపల ఒక్క కాగితం మొదట్నుంచి కడదాకా చదివి నాకు ఇనిపించు. చదివితివా, బడికి పో. లేదంటే గమ్మున రాట్నం కాడ కూచో" అన్నాడు.

మా ఇళ్లల్లో గడువులు అలాగే ఉండేవి. పెళ్లయినా పయనమయినా ఈ పడుగయ్యాక, ఆ పడుగయ్యాక అనేవాళ్లు. మగ్గం మీదికి ఎక్కించేది మూడు చీరలకు సరిపడే నిలువు పోగుల పడుగు. ఒకటి అప్పటికే నేసి కోసేశారు. ఇంక మిగిలిన పడుగు ఎంతో రోజూ కళ్ల ముందే కనిపిస్తుంటుంది, చుట్ట సన్నబడుతూ వస్తుంది. అన్నిటికంటే అన్యాయం ఏమిటంటే, ఆ మగ్గానికి కండెలు చుట్టిచ్చేది నేనే. నేనెంత చురుగ్గా చుడితే నా గడువు అంత తొందరగా తరుగుతుంది. మెల్లగా చుడదామా అంటే, రాట్నం చప్పుడు తేడా వస్తే నాయన వెనక్కి తిరక్కుండానే "ఏమ్మే, నిద్ర పోతాండావా?" అనేవాడు. వాన పడి గుంతలో చెమ్మ చేరితే మగ్గం నాలుగు రోజులు ఆపుతారు కదా అని చౌడమ్మకు మొక్కుకున్నాను కూడా. అనంతపురం జిల్లాలో వానను నమ్ముకుని గడువు పెంచుకోవాలనుకున్నదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఇక సారు ఆటలు! ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కాలు నిలవడం లేదు. శనివారం మధ్యాహ్నం బడి ముందు వేపచెట్టు నీడలో సారు పొట్లాల సంత పెట్టించాడు. అచ్చం సంతలాగే. సగంమంది అమ్మేవాళ్లు, సగంమంది కొనేవాళ్లు. అమ్మేవాళ్లు తమ కాగితాలను ముందు పరుచుకుని కూర్చోవాలి, ఎగిరిపోకుండా గులకరాళ్లు పెట్టుకోవాలి, తమ కాగితంలో ఏముందో అరిచి చెప్పాలి. కొనేవాడు ఆ కాగితంలో ఒక్క వాక్యమైనా పైకి చదివితేనే సరుకు వాడిది, బదులుగా తన కాగితం ఒకటి ఇవ్వాలి. చదవనివాడికి అరిచే హక్కు లేదు, అరవకపోతే బేరం లేదు. "రాండప్పా రాండి, నా కాడ పులి ఉండాది!" "ఒరే, నా దాంట్లో తలనూనె ఉండాది, బట్టతల మీద గూడా మొలుస్తాదంట!" "వానలు పడతాయంట, ఈ పేపర్లో ఏసినారు!" అదెప్పటి పేపరో ఏమో, దారిన పోయే పెద్దవాళ్లు కూడా ఆగి ఆ వాన కబురు విని నవ్వి పోయారు. నా స్నేహితురాలు మాబున్నీ వాళ్లమ్మ సాయంత్రాలు మిరపకాయ బజ్జీలు వేసేది. మాబున్నీ దగ్గర కాగితాలకు కొదవ లేదు కానీ అన్నీ నూనె పీల్చి అద్దాల్లాగా అయ్యేవి, వెనక వైపు అక్షరాలు కూడా ముందుకు కనిపించేవి. "ఒకే కాగితం, రెండు వైపులా ఒకేసారి చదువుకోవచ్చు" అని దాన్ని కూడా గొప్పగా అరిచి అమ్మేది ఆ మహాతల్లి!

నేను మొదటి సంతలో నోరు మూసుకుని కూర్చున్నాను. రెండో సంత నాటికి పట్టుదల పెరిగింది. ఇంటి దగ్గర చెనక్కాయల పొట్లం విప్పితే వచ్చిన వారపత్రిక కాగితం ఒకటి తీసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, రాట్నం ముందూ బావి దారిలోనూ దాన్నే పట్టుకుని తిరిగాను. శనివారం వచ్చింది. గులకరాయి పెట్టి, గొంతు సవరించుకుని అరిచాను.

"రాండప్పా! నా కాగితంలో దొంగ వంకాయలు తరుగుతాండాడు!"

సంత సంతంతా పులిని వదిలేసి నా మీద పడింది. నేను వేలు పెట్టి, గర్వంగా చదివాను: "దొంగ మెల్లగా గోడ దూకి, అరకిలో వంకాయలు తరిగి, షావుకారు పెట్టె తెరిచి, ఉప్పునీళ్లలో వేసి, నగల మూట భుజాన వేసుకుని, సన్నని సెగ మీద వేయించాలి."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత మాబున్నీ కింద పడి దొర్లింది. "నగలు వేయించుకోని తింటాడా మే!" అని ఒకడు, "ఉప్పు సరిపోయినాదా?" అని ఇంకొకడు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంత కష్టపడి చదివితే, ప్రతి మాటా సరిగ్గానే పలికితే, ఇదేం ఖర్మ? సారు మాత్రం నవ్వలేదు. వచ్చి నా పక్కన నేల మీద కూర్చుని, "ఇంగోతూరి చదువమ్మా. వేలు పెట్టి చదువు" అన్నాడు. నేను చదివాను. ఆయన నా మాటలు వినలేదు, నా వేలినే చూస్తున్నాడు. నా వేలు కాగితం ఈ అంచున బయలుదేరి ఆ అంచు దాకా పోయి, మళ్లీ ఈ అంచుకొచ్చి ఆ అంచుకు పోతోంది.

"మధ్యలో ఈ సందు ఉండాది, చూసినావా?"

"చూసినా సారూ. ఆడ పోగులు తెగినాయేమో అని దాటుకోని పోయినా."

సారు ఆగి, నా మొహంలోకి చూశాడు. "నాడె అయితే ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవాల్సిందే కదా" అన్నాడు మెల్లగా.

"అవును సారూ. మధ్యలో ఆగకూడదు."

"నిజమే తల్లీ. అయితే ఇది ఒక మగ్గం కాదు. పక్కపక్కన రెండు మగ్గాలు. ఈపొద్దు దొంగ ఈ మగ్గం మీద ఉండాడు, వంకాయల కూర ఆ మగ్గం మీద ఉండాది. ఈ మగ్గం నాడె పోయి ఆ మగ్గంలో దూరతాదా?"

"యాడన్నా దూరతాదా సారూ!" అన్నాను, అంత తెలివితక్కువ ప్రశ్న అడిగినందుకు ఆయన మీద జాలిపడి. అన్నాక ఆగిపోయాను. సారు తన స్కేలు తీసి కుడివైపు వరస మీద పెట్టి మూసేశాడు. దొంగ గోడ దూకాడు. పెట్టె తెరిచాడు. నగల మూట భుజాన వేసుకున్నాడు. కుక్క మొరిగింది, ఊరు లేచింది, దొంగ పరిగెత్తాడు! ఎవరూ చెప్పకుండా, ఎవరి వెనకా అనకుండా, నా కళ్లతో నేనే దొంగను పరిగెత్తించాను. ఆ తర్వాత జీవితంలో మంచి రోజులు చాలానే చూశాను కానీ, స్కేలు పక్కన ఆ దొంగ పరుగు తీసిన క్షణం లాంటిది ఇంకోటి లేదు.

కానీ కాగితం అయిపోయింది. దొంగ పరిగెత్తుతూనే ఉన్నాడు. ఎక్కడికి? మేమంతా శెట్టి అంగడి మీద పడ్డాం. పొట్లాలు కట్టేది శెట్టెమ్మ. మధ్యాహ్నం పూట తూకానికి కొన్న పాత పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని, ఆకులు తుంచినంత సులువుగా చించుతుండేది. "ఆ పుస్తకమా! ఎప్పుడో చించేసినా కదప్పా. సగం ఊరి ఇండ్లల్లో ఉండాది, పోయి ఎతుక్కోండి" అంది. ఆమె ఊరికే అన్న మాటను మేం శిరసావహించాం. ఇల్లిల్లూ ఎక్కి దిగాం. "అక్కా, మీ ఇంట్లో పొట్లాల కాగితాలుండాయా? దొంగ ఉన్నె కాగితం?" ఒక ముక్క ఉట్టి మీద కుండ కింద దొరికింది, ఒకటి కిటికీ కంతలో కుక్కి ఉంది, ఒకటి పొయ్యి పక్క గోడకు అంటించి ఉంటే అక్కడే నిలబడి మసి తుడుచుకుంటూ చదివాం. దొంగ కోసం వెతుకుతూ రాశిఫలాలు చదివాం, పెళ్లిపందిళ్ల ప్రకటనలు చదివాం, పశువుల మందుల గురించి చదివాం, ఎవరో ఎవరికో చెప్పిన సంతాపాలు చదివాం. అసలు మేం చదువుతున్నామన్న సంగతే మాకు గుర్తు లేదు, మాకు కావలసింది దొంగ. సారు ఆ రోజుల్లో ఒక్క పాఠం చెప్పినట్టు నాకు జ్ఞాపకం లేదు. సైకిలెక్కి మా వెనకే ఇల్లిల్లూ తిరిగేవాడు, కాలికి దారంతోనే.

చివరికి మాబున్నీ వాళ్ల బజ్జీల కాగితాల్లో తరవాయి దొరికింది. ఒక వైపు చిరిగిపోయింది, నూనె మరకలు, అయినా చదవొచ్చు. ఆ ఆదివారం మధ్యాహ్నం నేను అది పట్టుకుని ఇంట్లోకి దూకేసరికి నాయన, "ఇంగ మూరెడే మిగిలినాదిమే. ఏం చేస్తావు?" అన్నాడు. నా గుండె రాట్నం కంటే వేగంగా తిరిగింది. "చదువుతా" అన్నాను. రెండు వరసలూ ఒకదాంట్లోకి ఒకటి పోకుండా పక్క వరస మీద పాత నాడె ఒకటి అడ్డం పెట్టుకుని, మొదటి కాగితం నుంచి అందుకున్నాను. నెమలి పాఠంలాగా రాలేదు. తడబడ్డాను, వెనక్కి పోయాను, ఒక మాట దగ్గర మూడుసార్లు తట్టుకుని పడ్డాను. నాయనకు కోపం వస్తుందేమోనని తలెత్తితే, ఆయన మొహం విప్పారి ఉంది.

"తడబడతాండావంటే నిజంగా చదువుతాండావన్నెమాట. కానీ, కానీ" అన్నాడు.

దొంగ పేరు రంగడని తెలిసింది. ఊరు తరుముతోంది. ఊరి బయట పాడుబడిన ఎండుబావి. రంగడు తాడు పట్టుకుని అందులోకి దిగాడు. మగ్గం చప్పుడు ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు. అమ్మ సంగటికట్టె చేతిలో పట్టుకునే వచ్చి నిలబడింది. అవ్వ చిటికె గాల్లోనే ఉంది. పైన అడుగుల చప్పుడు. తాడు తెగిపోయింది. రంగడు ఊపిరి బిగబట్టాడు. అప్పుడు బావి అడుగున, చీకట్లోంచి ఒక గొంతు పలికింది: "వచ్చావా రంగా!"

నేను ఆగాను.

"ఊ?" అన్నాడు నాయన.

"అంతే నాయనా. కాగితం ఆడికే చినిగిపోయినాది."

"చినిగేదేంది! పేరు పెట్టి పిలిచినాడే, ఆయప్పెవరు?"

"తెలీదు నాయనా. తక్కింది దొరకలేదు."

"గుంతలో కూచున్నోని బాధ మీకేం తెలుస్తాది!" అని విసుక్కుని, పగటిపూట ఎన్నడూ మగ్గం వదలని మనిషి గుంతలోంచి లేచి, తువ్వాలు భుజాన వేసుకుని శెట్టి అంగడికి పోయాడు. పిడికెడు కాగితాలతో తిరిగొచ్చి నా ముందు పోశాడు. అన్నీ చదివాను. బెల్లం ధరలున్నాయి, ఎవరో జాతకం ఉంది, రంగడు లేడు. నాయన మళ్లీ గుంతలోకి దిగి మిగిలిన మూరెడూ నేసి, చీర కోసేశాడు. దిగాలుగా, "కడదాకా చదువుమంటి కదమే. కడ లేని కతను తెస్తివే" అన్నాడు.

అది నిజమే. ఒప్పుకున్న మాట కడదాకా. పడుగైపోయింది, కథ కాలేదు. ఆ రాత్రి అవ్వ పక్కలో పడుకుని, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. బడి పోతున్నందుకా, రంగడు బావిలోనే ఉండిపోయినందుకా అంటే, రెండింటికీ.

పొద్దున లేచి ఎవరూ చెప్పకుండానే రాట్నం ముందు కూర్చున్నాను. నాయన మగ్గం మీదికి వంగి, వేళ్లకు బూడిద అద్దుకుని కొత్త పడుగు అతుకుతున్నాడు. పాత పడుగును ఎప్పుడూ మొదలంటా కోసెయ్యరు. పోగులు దూర్చే అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలకే కొత్త పోగులను ఒక్కొక్కటిగా మెలిపెట్టి కలుపుతారు. వేల పోగులు. చిన్నప్పటి నుంచి చూస్తున్న పనే.

"ఆడేం చేస్తాండావు? బడికి టైము కాలేదా?" అన్నాడు నాయన.

"పడుగు అయిపోయినాది కదా నాయనా."

"యాడ అయిపోయినాది?" ఆయన తలెత్తలేదు. ఒక పోగు మెలిపెట్టి, ఇంకో పోగు అందుకున్నాడు. "చూడు, పాతదానికే అతుకుతాండా కదా. మా తాత ఎక్కించిన పడుగే ఇది, ఈపొద్దుటికీ అయిపోలేదు. కత కడ దొరికేదాకా పో బడికి."

అవ్వ లేచొచ్చి నన్ను రాట్నం ముందు నుంచి పక్కకు తోసింది. ముక్కుపొడి డబ్బా పక్కన పెట్టుకుని, "నా చేతులు పడిపోయినాయా? లెయ్ మే" అని కండె పట్టుకుంది. అమ్మ సంగటి పెట్టిన గిన్నె నా చేతికిచ్చి నా జుట్టు సరిచేసింది. నేను ఆ రోజు బడికి పరిగెత్తిన పరుగు రంగడు కూడా పరిగెత్తి ఉండడు!

ఆ తర్వాత నేను ఆ కాగితం కోసం వెతకడం పూర్తిగా మానేశాను. మాబున్నీతో కూడా, దొరికితే మా నాయన కంటపడకుండా చూడమని ఒట్టు వేయించుకున్నాను. సారు ఆ లోటును కూడా వదల్లేదు. బావిలో ఎవరున్నారో ఎవరికి తోచింది వాళ్లు చెప్పమని ఒక సంతంతా అదే పెట్టాడు. రాక్షసి, దొంగల నాయకుడు, చిలక, రంగడి పెళ్లాం. మాబున్నీ రంగడికి బావిలో బజ్జీల అంగడి కూడా పెట్టించింది.

గార్లదిన్నె పిల్లలకు దండేల నిండా పుస్తకాలున్నాయి. ఒక్కదానికీ చింతపండు అంటలేదు, ఒక్క పుటా చిరగలేదు, ప్రతి కథకూ ముగింపు ఉంది. మా రోజులే గొప్పవని వాదించడానికి నాకు సిగ్గు. ఒక్క పుస్తకం కోసం ఊరంతా తిరిగిన నాకు, ఆ దండేలు చూస్తే ఆనందంతో కడుపు నిండిపోయింది. ఆ టీచర్లు పిల్లలతో పాటు కేకలు పెట్టడం చూసి ఓబుళేసు సారే పది రూపాల్లో వచ్చాడనిపించింది. ఒకటి మాత్రం అనుకున్నాను. మాకు కథ చినిగిపోయేది, అందుకని దాని వెనక పరిగెత్తాం. వీళ్లు పరిగెత్తాలంటే ఎవరో ఒకరు కథను సరైన చోట ఆపాలి. ఆ తొర్రిపళ్ల పిల్ల నా కొంగు ఇంకా వదల్లేదు. "ఇంతకీ బావిలో ఎవరుండారవ్వా?" అంది. ఒక్కసారిగా పిల్లలంతా లేచి నిలబడ్డారు, దెయ్యమని ఒకడు, పోలీసని ఇంకొకడు. వాళ్లకు చెప్పినదే మీకూ చెబుతాను.

పది పాసై, టీచరు ట్రైనింగు కోసం నేను అనంతపురం బయలుదేరిన పొద్దు అది. ట్రంకుపెట్టె గడప దగ్గర ఉంది. నాయన గుంతలోనే ఉన్నాడు, జుట్టు సగం తెల్లబడింది. పోయొస్తానని చెప్పడానికి మగ్గం పక్కన కూర్చున్నాను. ఆయన నాడె ఆపి, "చౌడీ, ఆ కాగితం దొరికినాదా?" అన్నాడు. ఏ కాగితమని నేను అడగలేదు. లేదన్నాను.

"బావిలో ఉన్నెది వాళ్ల నాయనమే" అన్నాడు. "అంత చీకట్లో, మొగం గూడా చూడకుండా పేరు పెట్టి పిలిచినాడంటే ఇంగెవురు? కొడుకు యాడికి పోయినా ఆడికే వస్తాడని ముందే దిగి కూచోనుంటాడు."

"ఎప్పుడు తోచినాది నాయనా నీకు?"

"నువ్వు చదివిన పొద్దే. చెప్పింటే కత ఆడికే అయిపోతాండె కదా" అని, నాయన మళ్లీ నాడె విసిరాడు.